తడిసినా ఊడే ముడి

వదిన పోయిందని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వనపర్తి దవాఖానా నుంచి నా భార్య చేసింది. "అక్క పోయిందయ్యా" అన్నది. ఫోన్ చెవికి పెట్టుకొని అట్లాగే నిలబడ్డాను. అవతల ఎవరో మంచం జరపమని కేకేస్తున్న మాట వినిపించింది. ఫోన్ పక్కింటాయనది. కాసేపు చూసి ఆయనే వచ్చి నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

వదిన అంటే మా అన్న భార్య. మా అమ్మ పోయిన ఏడాదే ఆమె మా ఇంటికి వచ్చింది. అప్పటికి నాకింకా మీసం రాలేదు. నాకు అన్నం పెట్టింది, తలకు నూనె రాసింది, పెద్దయ్యాక పిల్లను చూసి పెండ్లి చేసింది, అన్నీ ఆమే. ఇంట్లో మాటలు కూడా ఆమెవే. సంతలో బేరమైనా, చుట్టాల పలకరింపైనా, పంచాయతీలో జవాబైనా ఆమే చెప్పేది. నేను ఆమె వెనక నిలబడేవాణ్ని. "మా మర్దికి దేవుడు నోరు అన్నం తినేటందుకే ఇచ్చిండు" అని నవ్వేది. ఇప్పుడు ఆమె గురించి చెప్పడానికి ఆ ఇంట్లోని మా ముగ్గురిలో నేనే మిగిలాను. ఊరి బడిలో చదివిన చదువు, తప్పులుంటే సర్దుకొని చదవండి.

మేము కురుమలం. అన్న గొర్లు కాసేవాడు, నేను గొంగళ్లు నేసేవాణ్ని. నల్ల గొర్రెల ఉన్ని ఆడవాళ్లు రాట్నం మీద వడికేవాళ్లు. ఆ దారానికి చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, గుంత మగ్గంలో కూర్చొని నేను నేసేవాణ్ని. మగ్గం మీంచి దిగిన గొంగడి నల్లగా, మోటుగా ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ముచ్చట పడరు. దానికి అంచు కుట్టేది వదిన.

గొంగడి ఎప్పుడూ అంచు దగ్గరే చిరగడం మొదలవుతుంది. ముళ్లకంప పట్టుకునేది అంచునే, గొర్రెపిల్ల నమిలేది అంచునే. అందుకని మొదట లావు ఉన్ని దారంతో దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ పోతారు. అది అందరు ఆడవాళ్లూ చేస్తారు. వదిన దాని మీద మళ్లీ రంగు దారం పట్టేది. ఒక వరుస గొలుసు కుట్టు, దాని పక్కన చేపముల్లు లాంటి కుట్టు, నాలుగు మూలలా నాలుగు జొన్న కంకులు. కంకిలో గింజలు వేలితో తడిమితే తెలిసేవి. ఆమె పుట్టిల్లు గద్వాలకు అవతల, కన్నడం కలిసిన ఊళ్లలో. అక్కడికి పోయినప్పుడల్లా చీరలు నేసే వాళ్ల ఇండ్లు తిరిగి, మిగిలిపోయిన పట్టుదారం కొసలు అడిగి తెచ్చుకునేది. నల్ల ఉన్ని మీద ఆ ఎర్ర పట్టు నిప్పుకణిక లాగా ఉండేది.

దబ్బనం ఎప్పుడూ ఆమె కొప్పులోనే ఉండేది. వంట చేస్తున్నా, కలుపు తీస్తున్నా, అది అక్కడే. కుట్టేటప్పుడు గొంగడిని మోకాళ్ల మీద వేసుకొని, పడుకున్న గొర్రెను నిమిరినట్టు ఎడమచేత్తో నిమురుతూ ఉండేది. కోపం వస్తే కుట్లు సన్నమయ్యేవి. అన్న వాకిట్లోనే ఆగి, దూరం నుంచి తొంగి చూసి, "ఇయ్యాల కుట్లు జీలకర్రంత ఉన్నయి. ఇంట్లకు రావాల్నా, గిట్లనే మందకాడికి పోవాల్నా?" అనేవాడు. ఆమె తలెత్తకుండా, "మందకాడికే పో. గొర్లకైతే నీ మాటలు తెల్వయి" అనేది. అంతే, ఇద్దరికీ నవ్వొచ్చేది.

వనపర్తి సంతలో ఒకసారి ఒక ముసలి కాపరి ఆమె గొంగడిని తిప్పి తిప్పి చూసి, "గొర్ల ఎంబడి పోయేటోనికి ఇన్ని సోకులెందుకమ్మా? నేనేమన్న పెండ్లికొడుకునా?" అన్నాడు.

"నువ్వు గాకపోతివి, గొర్లన్న సంబురపడతయి తియ్యి. దినాం నీ మొకమే చూస్తయి పాపం" అన్నది వదిన.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ ముసలాయన కూడా నవ్వి, అదే గొంగడి భుజాన వేసుకొని పోయాడు. పెండ్లిపీటల మీద పరచడానికని, దేవుని పండుగకని నాగర్‌కర్నూలు దిక్కు నుంచి కూడా వచ్చి ఆమె చేత అంచు వేయించుకొని పోయేవాళ్లు. నేను నేసిన గొంగడి అని ఎవరూ అనలేదు. జొన్నకంకి గొంగడి అనేవాళ్లు. నాకు అదే బాగుండేది.

తర్వాత ఎర్ర గొర్రెలు వచ్చాయి. వాటికి మాంసం ఎక్కువ, ఉన్ని ఉండదు. ఊళ్లో ఒక్కొక్కరే నల్ల మందలు అమ్మి ఎర్రవి కొన్నారు. అన్న అమ్మలేదు. "ఎర్ర గొర్రెకు బొచ్చు లేదు, దాని మీద మా తమ్ముడు ఏం నేస్తడు, మా ఇంటామె ఏం కుడ్తది?" అనేవాడు. మా ఇద్దరి పనీ ఆయన మంద మీదే ఆధారపడి ఉందని ఆయనకు తెలుసు. అందుకోసం ఎండకూ వానకూ ఆ గొర్రెల వెంటే తిరిగేవాడు. దగ్గు పట్టుకుంది. చలి తగిలితే పొద్దంతా దగ్గేవాడు.

ఇక్కడ గొంగడి ఎట్లా కప్పుకుంటారో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. కాపరి గొంగడిని మడిచి తలమీద కొప్పెర పెట్టుకుంటాడు. తల, వీపు, భుజాలు అన్నీ కప్పుతుంది. రెండు కొసలూ మెడ దగ్గర కలుస్తాయి. అక్కడ చేత్తో పట్టుకుంటాడు, లేదా ఒక తుమ్మముల్లు గుచ్చుకుంటాడు. ముల్లు ఎప్పుడూ ఉండదు, పడిపోతుంది. గాలి కొడితే కొప్పెర వెనక్కి పోతుంది. చేతిలో గొర్రెపిల్ల ఉంటే పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఉండదు.

ఆ ఏడాది మంద తోలుకొని నది దిక్కు పోయేముందు, వదిన అన్న గొంగడి తీసుకొని కూర్చుంది. మెడ దగ్గర రెండు కొసలూ కలిపి, ఉన్ని దారం జంటగా పోసి, గట్టిగా కుట్టేసింది. కుట్టు మీద ఒక పువ్వు కూడా వేసింది. తలమీంచి అంగీలాగా తొడుక్కోవాలి, అంగీలాగా తీయాలి. ముల్లు అక్కర్లేదు, చెయ్యి అక్కర్లేదు.

అన్న తొడుక్కొని వాకిట్లో నిలబడ్డాడు. "ఏందే ఇది, గొంగడి కుట్టినవా, అంగీ కుట్టినవా? గుండీలేవి?" అన్నాడు.

"గుండీలు తెంపుకుంటవని పెట్టలే. గాలి కొడితే మెడ కప్పుకోనీకి నీకు యాది ఉండదు. దగ్గుకుంట దగ్గుకుంట యాడనో పడిపోతవు. ఇగ అది ఊడదు, పో."

"విన్నవారా తమ్మీ, మీ వదినె నన్ను మూటగట్టి పంపుతుంది" అని నాతో అన్నాడు. నేను నవ్వాను. ముగ్గురమూ నవ్వాము. మందతో తుమ్మచెట్ల మలుపు దాటేదాకా ఆమె గడపలో నిలబడి, "తల మీది కొప్పెర తియ్యకు!" అని అరుస్తూనే ఉంది.

కృష్ణ పొంగింది ఆ ఏడాదే.

బీచుపల్లికి కిందుగా, ఏటి ఒడ్డున ఒక రైతు పిలిస్తే అన్నవాళ్లు ఆయన చేనులో మంద పెట్టారు. ఎరువు కోసం రైతులు అట్లా పిలుస్తారు. తెల్లవారుజామున నీళ్లు వచ్చాయి. మాకు కబురందేసరికి ఒక పూట గడిచింది. నేనూ వదినా పోయేసరికి చేను లేదు, గట్టు లేదు. అంతా ఎర్రనీళ్లు. నీళ్లు దిగాక తుమ్మచెట్లలో గొర్రెలు వేలాడుతూ కనిపించాయి. అన్న కనిపించలేదు.

అన్నతో పాటు ఉన్న తోటి కాపరి, మా ఊరి పెద్దాయన, చెట్టెక్కి బతికాడు. నీళ్లు తీసిన గుడి అరుగు మీద కూర్చొని వణుకుతున్నాడు. వదిన ఆయన ముందు కూలబడింది. ఆయన చెప్పాడు.

"నీళ్లు నడుముకొచ్చె బిడ్డా. నేను చెట్టుకాడికి ఉరికిన. మీ ఆయన గొర్లను తోలుకుంట వెనకబడె. గొంగడి తడిసి బండరాయయ్యె. దాన్ని పారెయ్‌రా, ఈత కొట్టు అని ఒర్రిన. రెండు చేతులు మెడకాడ పెట్టి గుంజుకుంటుండె. గుంజుకుంటనే ఉండె. ఎందుకట్ల గుంజుకుంటుండో నాకు సమజ్ కాలే. ఈత వచ్చినోడే గదా."

నేను వదిన వైపు చూడలేదు. చూడలేకపోయాను.

ఆమె అడిగింది. "ఊడెనా?"

"ఏంది బిడ్డా?"

"గొంగడి. ఊడెనా అని."

"చూడలే బిడ్డా. నీళ్లు మీదికొచ్చె."

ఆమె ఏడవలేదు. కొప్పులో ఉన్న దబ్బనం తీసి చూసింది. మళ్లీ అక్కడే పెట్టుకుంది. అప్పటి నుంచి పోయేదాకా ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. ఆ కుట్టు ఊడిందా, లేదా. ఊడి ఉంటే ఆయన ఈది ఈది అలసి పోయాడు, నది తీసుకుపోయింది. ఊడకపోతే తీసుకుపోయింది తన దారం. ఈ మాట ఆమె నాతో ఎప్పుడూ ఇట్లా విడమరిచి చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది.

కర్మ చేయాలని పెద్దలు కూర్చున్నారు. శవం లేకపోయినా బొట్టు, గాజులు తీయాలన్నారు. వదిన చేతులు రెండూ ముందుకు చాపింది. "గాజులు తీస్కోండ్రి, బొట్టు తీస్కోండ్రి. నాకు ఆయన గొంగడి తెచ్చియ్యండ్రి. ఒక్కసారి మెడ చూసి మళ్ల మీకే ఇస్త" అన్నది. మతి చెదిరిందని ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆమెకు మతి మా అందరికంటే సరిగ్గా ఉంది. అదే కష్టం.

తర్వాత మేమిద్దరం నది ఒడ్డున తిరిగాం. ఇవతలి గట్టున ఊళ్లు అయ్యాక, పుట్టి ఎక్కి అవతలి గట్టుకు పోయాం. ఆమె ఎవరినీ శవం గురించి అడగలేదు. "గొంగడి దొరికిందా తల్లీ? మూలలకు జొన్న కంకులుంటయి" అని అడిగేది. కొందరు పాత గొంగళ్లు తెచ్చి చూపించేవాళ్లు. ఆమె అంచు చూసేది, మడిచి ఇచ్చేది, నడిచేది. ఎండలో తలమీద కొంగు కూడా కప్పుకునేది కాదు. నేను గొడుగు పట్టుకొని వెనక నడిచేవాణ్ని. "నువ్వు ఇంటికి పో మర్దీ, నీ పిల్లలు గావర పడతరు" అనేది. నేను పోయేవాణ్ని కాదు. ఆమెకు ఏమి చెప్పాలో నాకు తెలియలేదు, అందుకని గొడుగు పట్టాను.

ఒక ఊళ్లో, నదికి దగ్గరగా, ఒక ముస్లిం రైతు ఇంటి వెనక దూడ మీద గొంగడి కప్పి ఉంది. దూరం నుంచే మూల మీద జొన్నకంకి కనిపించింది. వదిన పరుగెత్తింది. అంతకుముందెప్పుడూ ఆమె పరుగెత్తగా నేను చూడలేదు. దూడ బెదిరి తాడు తెంపుకోబోయింది. వదిన మోకాళ్ల మీద పడి, గొంగడిని లాగి, మెడ భాగం వెతికింది. అంచు ఆమె చేతికి దొరకడం లేదు. నేను పట్టి విప్పాను. మెడ దగ్గర కుట్టు లేదు. కుట్టు పడిన గుర్తు కూడా లేదు. అది ఎప్పుడో సంతలో అమ్మింది, ఎవరిదో.

ఆ ఇంటి ఆమె బయటికి వచ్చింది. సంగతి నా నోటి నుంచి సగమే వచ్చింది. సగమే చాలింది ఆమెకు. వదిన పక్కన కూర్చొని, వీపు మీద చెయ్యి వేసి, "అక్కా, జర సబర్ చెయ్యి. ఇంత రొట్టె తిను" అన్నది.

"తింట. మీ దిక్కు ఇంక ఎవరికన్న దొరికిందేమో అడుగుతవా?"

"అడుగుత అక్కా. అల్లా కసం, ఇంటింటికి అడుగుత."

నిజంగానే అడిగింది. మాకు రొట్టె పెట్టి, మేము తినేలోపు ఊరంతా తిరిగి వచ్చింది. ఉత్త చేతులతో వాకిట్లో నిలబడి, వదిన మొకం చూడలేక దూడకు గడ్డి వేసింది.

ఇంటికి వచ్చాక వదిన చాలా రోజులు దబ్బనం ముట్టుకోలేదు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచింది. గొర్లకు నీళ్లు పోసే తొట్టి నిండా నీళ్లు తోడి పెట్టింది. చేతిలో నేను నేసిన గొంగడి ఉంది, మెడ దగ్గర కొత్త కుట్టు.

"తొడుక్కో మర్దీ."

తొడుక్కున్నాను. ఆమె కడవలతో నా తలమీద నీళ్లు పోయడం మొదలుపెట్టింది. గొంగడి నీళ్లు తాగి బరువెక్కింది. భుజాలు కిందికి దిగిపోయాయి. పక్కింటివాళ్లు గోడమీంచి చూసి, "ఏంది అవ్వా, మర్దికి మల్ల లగ్గం చేస్తున్నవా, గిట్ల తానం పోస్తుంటివి?" అని నవ్వారు. వదినకు ఆ మాట చెవికెక్కలేదు.

"గుంజు!" అన్నది.

గుంజాను. ఊడలేదు. తడిసిన ఉన్ని దారం ఉబ్బి ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంది. గుంజినకొద్దీ బిగిసింది.

"గుంజు! గట్టిగ గుంజు! చేతులు లేవా నీకు?"

ఆమె నా మీదికి వచ్చి రెండు చేతులతో నా మెడ దగ్గర పట్టి లాగింది. నా ఊపిరి ఆడలేదు. నా కళ్ల ముందు ఆమె మొకం ఉంది. ఆ మొకం నేను చెప్పలేను. నవ్వుతున్న పక్కింటివాళ్లు నవ్వడం ఆపారు. నా భార్య ఉరికివచ్చి బ్లేడుతో దారం కోసింది. గొంగడి దబ్బున నేలమీద పడింది. వదిన దాని మీద పడి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. అన్న పోయాక ఆమె గట్టిగా ఏడవడం అదే మొదలు.

"గిట్లనే బిగిసి ఉంటది. గిట్లనే. నేనే కట్టి పంపిన గదా ఆయన్ను."

కానీ మర్నాడు మళ్లీ కడవ పట్టుకుంది. ఆ తర్వాత రోజూ అదే. వాననీళ్లకు, గాలికి ఊడకూడదు. తడిసి బండ అయినా, వణికే చేతికైనా, ఒక్క గుంజుకు ఊడాలి. అట్లాంటి ముడి కావాలి ఆమెకు. ఉన్ని దారంతో కాలేదు. నూలు దారంతో కాలేదు. చివరికి డబ్బాలో ఉన్న గద్వాల పట్టు కొసలు తీసింది. పట్టు తడిసినా ఉబ్బదు, జారుతుంది. జారకుండా నిలవడానికి కుట్టును ఒక మెలిక తిప్పి, ఒక కొస పొడుగ్గా బయటికి వదిలింది. నన్ను మళ్లీ తడిపింది. గుంజాను. దారం పాములాగా జారిపోయి, గొంగడి నా కాళ్ల దగ్గర పడింది. నా భార్య చప్పట్లు కొట్టింది. వదిన తొట్టి గట్టున కూర్చొని నీళ్లలోకి చూస్తూ, "గిది నాకు ముందే ఎందుకు తెల్వకపాయె" అన్నది.

మా మంద పోయినా, వేరే మందల ఉన్ని కొని నేను నేస్తూనే ఉన్నాను. అప్పటి నుంచి ఆమె చేతిమీదుగా పోయిన ప్రతి గొంగడికీ మెడ దగ్గర ఆ పట్టు ముడి ఉంది. ముడి వేయడంతో సరిపోయేది కాదు. కొన్నవాడు అక్కడే తొడుక్కోవాలి, ఆమె ముందు గుంజి చూపించాలి. కొందరు సిగ్గుపడేవాళ్లు. "సిగ్గుపడితే ఇయ్య" అనేది. అమ్మిన పాత గొంగళ్ల కోసం మందల దగ్గరికే పోయేది. వనపర్తి దిక్కు, కల్వకుర్తి దిక్కు, ఎక్కడ నల్ల మంద ఉందంటే అక్కడికి బస్సు ఎక్కి పోయి, కాపరిని ఆపి, గొంగడి తీసుకొని, గట్టు మీదే కూర్చొని ముడి వేసి ఇచ్చేది. నా భార్య ఆ ముడి నేర్చుకుంది. ఇద్దరూ కలిసి పోయేవాళ్లు.

ఒకసారి నాగర్‌కర్నూలు దిక్కు నుంచి ఒక పడుచు కాపరి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చెరువు కాలువలో జారిపడ్డాడట. గొంగడి లోపలికి గుంజుతుంటే వదిన మాట యాదికొచ్చి దారం లాగాడట. బతికాడు. ఆమె కాళ్లకు మొక్కాడు. ఆమె వాణ్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

"ఎట్ల గుంజినవు నాయనా?"

"చేత్తోనే అవ్వా."

"ఒక్కపారేనా?"

"ఒక్కపారే."

"నీళ్లు యాడిదాక ఉండె?"

"ఛాతీ దాక."

"మళ్ల చెప్పు నాయనా. మొదలు సంది చెప్పు."

వాడు మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. అన్నం చల్లారిపోయింది. వాడు పోయాక ఆమె సంతోషపడుతుందని నేను అనుకున్నాను. ఇంటి వెనక గోడకు తల ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి, "గా పిల్లగాడు బతికిండు మర్దీ. మంచిదే. మంచిదేరా. మరి మీ అన్నకు?" అన్నది.

తర్వాత తర్వాత ముడి వేయడానికి గొంగళ్లే లేకుండా పోయాయి. లారీల్లో రంగురంగుల మిల్లు రగ్గులు వచ్చాయి. కాపరులు వానకు ప్లాస్టిక్ కవర్లు కప్పుకోవడం మొదలుపెట్టారు. నల్ల ఉన్ని దొరక్క నా మగ్గం గుంతలో కోళ్లు పొదిగాయి. వదినకు ఇది గొంగళ్ల పని పోవడం మాత్రమే కాదు. లోకంలో ఒక్కొక్క గొంగడి మాయమవుతుంటే, అన్న గొంగడి ఎక్కడో దొరుకుతుందన్న ఆశ కూడా దానితో పాటే పోతున్నట్టు ఉండేది ఆమెకు. దారిలో ఎవరి భుజాన నల్లటిది కనిపించినా బస్సు ఆపమనేది. చివరికి ప్లాస్టిక్ కవరు కప్పుకున్న వాళ్లను కూడా ఆపేది.

"అవ్వా, ఇది యూరియా సంచి" అన్నాడు ఒకడు.

"ఏదైతేంది. మెడకాడ ముడి ఎట్లేసినవో చూపియ్యి. నీళ్లల్ల పడితే ఊడుతదా?"

"నేను చేనుకు పోతున్న అవ్వా, ఏటికి గాదు."

"ఆయన గూడ గొర్లు కాయనీకే పోయిండు బిడ్డా" అని, వాడి ముడి విప్పి, తన పద్ధతిలో వేసి పంపింది. వాడు నవ్వబోయి, ఆమె మొకం చూసి, సంచి సర్దుకొని నడిచాడు.

ఈ మధ్య తిండి తగ్గించింది. కడుపులో పుండు అన్నారు. వనపర్తిలో చేర్పించాం. నా భార్య దగ్గర ఉంది. నేను ఇంటి దగ్గర మేకలు చూసుకుంటూ, పోయి వస్తూ ఉన్నాను. ఫోన్ వచ్చిన రోజు నేను అక్కడ లేను.

బస్సు దిగి దవాఖానాకు చేరేసరికి పొద్దు వాలుతోంది. నా భార్య మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది. చేతుల్లో ఎర్ర దారం చుట్టుకొని ఉంది. నన్ను చూసి చెప్పడం మొదలుపెట్టింది.

"నిన్నటి సంది అక్కకు సోయి లేదు. చెయ్యి మాత్రం ఊకుంటలే. మెడకాడ వెతుకుతది, గోకుతది, గుంజుతది. మెడంత రక్తం వచ్చింది. నర్సమ్మ చెయ్యి మంచానికి కట్టేస్త అన్నది. బ్యాడ తల్లీ, కట్టొద్దు అన్న. దుప్పటి కొసలు రెండు మెడకాడ కలిపి, అక్క పట్టుదారంతోనే అక్క ముడి వేసిన. దారం కొస అక్క వేళ్లకందిచ్చిన. గుంజింది. ఊడింది. ఒక్క నిట్టూర్పు ఇడిసి, జరసేపు నిమ్మళంగ పండుకున్నది. మళ్ల వెతికింది. మళ్ల వేసిన. మళ్ల గుంజింది. పొద్దుగాల సంది గదే పని. ఆఖరుకు వేసిన ముడి…"

ఆమె ఇక చెప్పలేకపోయింది.

నేను మంచం దగ్గరికి పోయాను. వదిన మొకం చిన్నదైపోయింది. దవాఖానా తెల్ల దుప్పటి మెడదాకా ఉంది. మెడ దగ్గర ఎర్ర పట్టు ముడి, విప్పకుండా అట్లాగే ఉంది. దారం కొస ఆమె రెండు వేళ్ల మధ్య ఉంది. గుంజడానికి పట్టుకున్నది పట్టుకున్నట్టే.

దుప్పటి తీసి ఇవ్వమని ఆయా వచ్చి నిలబడింది. నా భార్య ముడి వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. నేను వదిన వేళ్లు విడదీయలేదు. ఆ చేతిని అట్లాగే నా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. ఆమె చేత్తోనే, నా చేత్తోనే, కలిపి గుంజాను.

ఊడింది. దుప్పటి కొసలు చెరోపక్కకు జారాయి. దారం ఆమె వేళ్లలోనే ఉంది.